మా తాత డ్యూటీ పేరు

ఆ రోజుల్లో గోదావరిఖనిలో మనిషికి రెండు పేర్లుండటం వింతేమీ కాదు. ఒకటి ఊళ్ళో అమ్మానాన్నలు పెట్టింది, ఇంకొకటి బాయి మీద (బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం) హాజరు పిలిచేది. పని దొరికినవాడు లోపలికి దిగడానికి జడిసి ఊరికి పారిపోతే, వాడి పేరు మీద ఇంకొకడు దిగేవాడు. దాన్ని డ్యూటీ పేరు అనేవాళ్ళు. పక్క క్వార్టర్ల తాతల డ్యూటీ పేర్లు చెప్పుకొని నేను కూడా పడీపడీ నవ్వినవాణ్ణే. అలాంటి తాత మా ఇంట్లోనూ ఒకాయన ఉండేవాడని తెలియనిది నాకొక్కడికే.

అప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో సోషల్ సారును. ఏ రాజు తర్వాత ఏ రాజు వచ్చాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అదే స్కూల్లో లెక్కల మేడం ఉండేది. కులం కలిసింది, మనసులు అంతకుముందే కలిశాయి. స్కూలు హాజరు పుస్తకంలో మా ఇద్దరి పేర్ల ముందూ ఒకే అక్షరం ఉందని చూసుకొని మురిసిపోయాను కూడా (ఆ అక్షరం వెనకాల ఏముందో అడగాలని తోచని తెలివి నాది). ఒక ఆదివారం వాళ్ళ నాన్న మా క్వార్టర్‌కు వచ్చాడు. చాయ్ తాగుతూ మా బాపుతో (అంటే నాన్నతో) "బావా, పిల్లలు ఇష్టపడ్డంక మనదేమున్నది" అన్నాడు. అంతా బాగుందనుకునేసరికి ఇంటిపేరు అడిగాడు, బాపు చెప్పాడు. ఆయన కప్పు కింద పెట్టాడు.

"మాది గూడ గదేనాయె. ఇంటిపేరొక్కటైతే అన్నాచెల్లెండ్లయితరు గద బావా!" అని, వెంటనే నాలుక్కరుచుకొని, "ఇగ బావ అనుడు గూడ తప్పే. అన్నా, పోయొస్త" అని లేచాడు.

ఆయన గేటు దాటాక బాపు తల గోక్కుంటూ అసలు సంగతి చెప్పాడు. "అది మీ తాత డ్యూటీ పేరు రా. మనది వేరే ఉన్నదట. నేను ఈ క్వార్టర్ల లైన్లల్లనే పుట్టిన, నాకేం తెలుసు? మీ బాపమ్మనడుగు."

బాపమ్మ అంటే బాపు తల్లి. మా ఇంట్లో అసలు పేరు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అడగ్గానే లేచి తలుపు గొళ్ళెం పెట్టింది. "మెల్లగ మాట్లాడు. కంపెనోళ్ళకు తెలిస్తే ఆ పేరు మీదొచ్చిన నీ బాపు నౌకరి ఊడుతది, క్వార్టర్ గుంజుకుంటరు" అంది. తాత పోయి ఎన్నో ఏళ్ళయింది, ఇప్పుడు అడిగేవాడెవడూ లేడని నేను ఎంత చెప్పినా వినలేదు. పైగా మొగుడి పేరు నోటితో చెప్పకూడదన్న పట్టింపొకటి. తాత డ్యూటీ పేరు కూడా పలికేది కాదు. రెండూ మొగుడివే కదా!

ఇక నా చదువును నమ్ముకొని నేనే బయలుదేరాను. తాత ఊరు కమాన్‌పూర్ అవతల. ఆ ఊరు ఓపెన్‌కాస్ట్ గని తవ్వకం కింద పోయింది, జనం తలో దిక్కూ చెదిరిపోయారు. పుట్టుకలూ చావులూ ఎక్కడా రాసిపెట్టలేదు. దొరికిన ముసలాళ్ళనల్లా అడిగాను. ఒకాయన "మీ తాతనా? ఎర్రగ, పొడుగ్గ ఉంటుండె" అన్నాడు. ఇంకొకామె "నల్లగ, పొట్టిగ, డప్పు మంచిగ కొడుతుండె" అంది. మూడో ఆయన మా తాత పెళ్ళే చేసుకోలేదని ఒట్టేసి చెప్పాడు. వారం తిరిగేసరికి నా చార్టు మీద వంశవృక్షానికి ముగ్గురు తాతలు మొలిచారు, అందులో ఒకాయన బ్రహ్మచారి.

స్టాఫ్‌రూంలో లెక్కల మేడం ఆ చార్టు చూసి, "రాజులందరి వంశాలు గడగడ చెప్తరు, సొంత తాతది చెప్పరాదా సార్?" అని నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వచ్చే ఆదివారం కాసిపేట సంబంధమోళ్ళు చూడనీకి వస్తున్నరు. జల్ది చెయ్యండి" అంది.

ఆ సాయంత్రం నాకు ముద్ద దిగలేదు. బాపమ్మ కాసేపు చూసి, విసురుగా లేచి చీర మార్చుకుంది. "నడువు, ఆళ్ళింటికే పోదాం. నా పింఛను పోతే పోయె, పోరడు ఎండుకపోతున్నడు" అంది.

ఆటోలో రామగిరి వైపు వెళ్ళాం. అమ్మాయి వాళ్ళ నాన్న మర్యాదగానే కూర్చోబెట్టాడు. బాపమ్మ కొంగు తల మీదికి లాక్కొని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "మా పోరనికి ఉన్నది మా ఇంటిపేరు కాదు బిడ్డా. మా ఊరాయన ఒకడు బాయిల ఒక్క పూట దిగి, బెదిరి ఉరికొచ్చిండు. ఆయనకు బర్రెదుడ్డెనిచ్చి ఆ పేరు మీద మా ఇంటాయన దిగిండు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "ఉరికొచ్చింది నేనే చెల్లె! దుడ్డె పెరిగి మంచిగ పాలిచ్చింది" అంటూ వణుకుతున్న గొంతు వినిపించింది. అది లెక్కల మేడం తాతది.

మేమంతా లోపలికి పరుగెత్తాం. ఆ ముసలాయన నన్ను మంచం మీద కూర్చోబెట్టుకొని బాపమ్మను అడిగాడు. "నా పేరు వెట్టి పిలిస్తే పలుకుతుండెనా?"

"మొదటి దినం ఎంత పిలిచినా పలుకలేదట. డ్యూటీకి రాని సోమరోడు ఎవడా అని తనే చుట్టూ చూసిండట" అంది బాపమ్మ. ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నా పేరుకేమన్న మచ్చ తెచ్చిండా?"

"రిటైరయ్యేదాక నాగా పెట్టలే అన్నా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేను ఒక్క పూట మొయ్యలేని పేరును వాడు బతుకంత మోసిండు" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "పేరే ఇచ్చినోన్ని, పిల్లనియ్యనా? ఆ కాసిపేటోళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్పు" అన్నాడు.

మాఘంలో పెళ్ళయింది. పెళ్ళితో ఇంటిపేరు మార్చుకోవాల్సిన పని పడని పెళ్ళికూతురు మా ఆవిడే. పెళ్ళి చేయించే అయ్యగారు తాతల పేర్లు అడిగినప్పుడు బాపమ్మ ఆయన దగ్గరికి పోయి కొంగు అడ్డం పెట్టుకొని చెవిలో చెప్పింది. ఆయన మైకులో మా అసలు ఇంటిపేరుతో తాత పేరు చదివాడు. మేమెవరమూ అంతకుముందు ఆ పేరు బయట విన్నవాళ్ళం కాదు. బాపమ్మ ఉలిక్కిపడి కంపెనోళ్ళెవరైనా వచ్చారేమోనని గేటు వైపు చూసింది. అక్కడ పప్పూ పచ్చిపులుసూ వడ్డించుకుంటున్న చుట్టాలు తప్ప ఎవరూ లేరు.

పీటల మీద కూర్చొని, ఆ వంశం సంగతంతా నేనే తవ్వితీసినట్టు ఛాతీ విరుచుకున్న ఆ సోషల్ సారును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నిజానికి అప్పుడు నేను చేసిందల్లా బాపమ్మ చెప్పింది వినడమే. ఆమె నా వైపు వంగి, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ అంది. "ఇంకొక్కపారి చదువుమను బిడ్డా. గట్టిగ."