స్థావరజంగమంలో భాస్కరం గారు

భాస్కరం గారు ఇక లేరన్న వార్త ఆయన భార్య సరోజిని ఆంటీ ఫోనులో చెప్పినప్పుడు నేను "సరే ఆంటీ, సరే ఆంటీ" అన్నాను. దేనికి సరే అన్నానో నాకే తెలియదు. నోరు పనిచేసింది, మనసు స్తంభించింది.

ఇంగ్లండులో షెఫీల్డ్ ఆసుపత్రిలో యంత్రాలకు ముప్పై ఏళ్ళు వైద్యం చేసి రిటైరైన, నాకు పని నేర్పిన మా గురువుగారు, లింకన్‌షైర్ సముద్రతీరాన తమ స్టాటిక్ క్యారవాన్‌లో, అంటే ఒకేచోట నిలిపి ఉంచే బండి ఇంట్లో, కిటికీ పక్కన కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. ఆయన పోయింది శనివారం. ఆ రోజు నేను అక్కడ ఉండవలసినవాణ్ణి. చలికాలం క్యారవాన్ పార్కు మూసేముందు గొట్టాల్లో నీళ్ళు తీసెయ్యకపోతే అవి గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. "నడుం వంగట్లేదురా, వచ్చి టార్చి పట్టుకో" అన్నారు. "డ్యూటీ రోటా ఉంది సార్, వచ్చేవారం వస్తా" అన్నాను. రోటా ఉన్నమాట నిజమే. మార్చుకోవచ్చునన్నమాటా నిజమే. ఆ రెండో నిజం అప్పటినుంచీ నా వెంట తిరుగుతోంది.

చక్రాలుండీ కదలని ఆ బండిని ఆయన స్థావరజంగమం అనేవారు. "అచ్చం నీ ఉద్యోగంలాగేరా" అని నవ్వేవారు. పదేళ్ళుగా ఒకే గ్రేడులో పాతుకుపోయిన నేను ఏ ముఖంతో కాదంటాను?

క్యారవాన్ కొందామని సలహా అడిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఆయన ముందుగా భయమే వడ్డించేవారు. "కొనకండి బాబూ. ఇల్లయితే ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది, ఇది నాలాగే తరుగుతుంది. కింద నేల మనది కాదు. చలికాలం తాళం. పాతబడిందంటే పార్కువాళ్ళే తీసెయ్యమంటారు."

"మరి మీరెందుకు కొన్నారంకుల్?"

"తలుపు తీస్తే సముద్రం. పిల్లలు గెంతితే కింది ఫ్లాట్‌వాడు చీపురుకర్రతో పైకప్పు పొడవడు. ఇంకేం కావాలయ్యా?"

గృహప్రవేశం నాడు శాస్త్రోక్తంగా పాలు పొంగించారు. ఈశాన్యం ఎటో ఫోనులో వెతికింది నేనే. అటు టాయిలెట్ ఉందని తేలింది కూడా నావల్లే. పాలు పొంగి స్టవ్వు మీద మాడాయి, పొగ అలారం మోగింది, చుట్టుపక్కల దొరలందరూ డ్రెస్సింగ్ గౌన్లతో బయటికొచ్చి నిలబడ్డారు. ఆయన తొణకలేదు. ఆంటీ చేత పరమాన్నం కప్పుల్లో పోయించి వరసగా పంచారు. ఆ పార్కులో ఆయనకు శత్రువన్నవాడు లేకపోవడానికి ఆ మాడిన పాలే పునాది.

అయితే నిబంధన ఒకటుంది. అది విహారానికే గాని నివాసానికి కాదు. వేరే ఇల్లు ఉందని ఏటా ఆ ఇంటిపన్ను బిల్లు చూపించి సంతకం పెట్టాలి. "ఇది నా ఇల్లు కాదని ఏటేటా ఒప్పుకోవాలిరా" అనేవారు నవ్వుతూ.

ఆ నవ్వు ఇప్పుడు ఆంటీ గుండెలో ముల్లై దిగింది. లండన్‌లోని వెంబ్లీ నుంచి పురోహితుడు గారు ఫోనులో అడిగారట: "పోయింది స్వగృహంలోనేనా అమ్మా? ప్రాణం పోయినచోటే దీపం పెట్టాలి." ఆవిడ మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేసి, నన్ను వెంటబెట్టుకుని క్యారవాన్‌కు వచ్చారు.

"సంతకాలన్నీ కాదనే పెట్టారు కదరా. దిక్కులేనట్టు బయట పోయారా మీ సారు?"

నేను టీ పెట్టి ఇచ్చాను. ఆ క్యారవాన్‌లో ఒక చివర అడుగేస్తే మరో చివర తెలుస్తుంది. ఇద్దరం కూర్చునే ఉన్నాం. కప్పులో టీ సన్నగా వణికింది.

"ఎవర్రా నడిచేది?"

"గాలి, ఆంటీ."

"గాలేమిటి? ఇన్నేళ్ళు కాపరం చేసినదాన్ని, నాకు తెలీదా ఆ అడుగు? బెడ్‌రూంలోకి వెళ్తున్నారు. మధ్యాహ్నం బీపీ మాత్ర."

బయట జెండాగుడ్డ కూడా కదలడం లేదని నేను చెప్పలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని వెంబ్లీకి ఫోను కలిపారు.

"ఇంట్లోనే పోయారండీ. మా ఇంట్లోనే."

పార్కు మూసేదాకా మిగిలిన ఆరురోజులూ ఆంటీ అక్కడే ఉన్నారు, దీపం అక్కడే వెలిగింది. క్యారవాన్‌లో స్టవ్వు తప్ప వేరే మంట కూడదన్నది పార్కు నియమం. పార్కు వార్డెన్ జానెట్ రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరకు వచ్చి, చూసీ చూడనట్టు తల వంచి వెళ్ళిపోయేది.

ఆఖరి రోజున దీపాన్ని గాజుచిమ్నీలో కాపాడుకుంటూ ఆంటీ కారెక్కారు. నీళ్ళు నేను తీశాను. టార్చి నోట కరుచుకుని బండి కిందకు దూరి, ఆయన చెప్పే వరసలోనే వాల్వులు విప్పాను. చలికాలమంతా కొళాయిలన్నీ తెరిచే ఉండాలి. తెరిచాను.

యంత్రాన్ని మనిషిలా, మనిషిని మనిషిలా చూసిన గురువుగారూ, మీకు నా సాష్టాంగ నమస్కారం. మీరు నాకు నీళ్ళు తీయడం నేర్పారు. మార్చిలో పార్కు తెరిచాక నీళ్ళు మళ్ళీ ఎక్కించేది మాత్రం మీరొక్కరే. ముందు ఏ కొళాయి కట్టాలో, ఏ వాల్వు ఎంత తిప్పాలో నేను ఏనాడూ అడగలేదు. ఎప్పుడూ మీరే ఉంటారనుకున్నాను.