నీలం మీద పసుపు

మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. "ఈమెకు నిద్రే మందు" అని డాక్టరమ్మ అన్న మాటను నేను మందు చీటీలా దాచుకున్నాను. ఇప్పుడు పాపకు రెండేళ్లు దాటాయి. అయినా పక్కన కూర్చుని ఇది రాస్తూ, మధ్యమధ్యలో పెన్ను ఆపి దాని పొట్ట పైకీ కిందికీ కదులుతోందో లేదో చూసుకుంటున్నాను.

కరీంనగర్‌లో మా గల్లీ మధ్యాహ్నాలు నీళ్ల అడుగున ఉన్నట్టుండేవి. ఒంటిగంట దాటితే ఎండ గోడల మీద నుంచి మెల్లగా జారేది. ఎవరింట్లోనో చాటలో బియ్యం ఎగరేస్తున్న చప్పుడు, అంతే. పాప పడుకోగానే మా అత్తమ్మ నా పాత ఎర్ర చున్నీని గేటుకు కట్టేది. చున్నీ కనబడితే ఉల్లిగడ్డల ఆటో మైకు కట్టేసుకుని పోయేది. పాత సామాన్లవాడు ఘంటను గుప్పిట్లో పట్టుకుని, దొంగలా నవ్వుతూ దాటిపోయేవాడు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. అత్తమ్మ ఒక్కసారి తిట్టిందంతే.

ఆ గల్లీ రంగు మారబోతోందని మొదట చెప్పింది మూలమీద కిరాణా కొట్టు కాక.

"మాస్టర్ ప్లాన్ మారుస్తుండ్రట బిడ్డా. ఇన్నొద్దులు మనది ఇండ్ల జాగనే. ఇగ కమర్షియల్ అయితదట. జాగలకు మస్తు రేటొస్తది. నేనైతె పైన రెండంతస్తులు లేపుత."

"ఎదురుంగ ఖాళీ జాగ సంగతేంది కాకా?"

"ఫంక్షన్ హాల్ కడతరట. ఇండ్ల జాగల పర్మిషన్ రాదని గిన్నేండ్లు ఆగిన్రు."

ఆ ఖాళీ జాగ మా పడకగది కిటికీకి ఎదురుగానే ఉంటుంది. ఆ మధ్యాహ్నం పాప పక్కన పడుకుంటే కళ్లు మూసుకున్నా డప్పులు వినిపించాయి. పెళ్లి బరాత్‌లు, డీజే పెట్టెలు, పటాకులు, అద్దాలు అదిరే శబ్దం. పాప గుండె అరచేతిలో పట్టిన పిట్టలా కొట్టుకోవడం. ఇంకా పునాది కూడా తియ్యలేదు. నేను మాత్రం చెవులు మూసుకున్నాను.

మూడో రోజు పాపను ఎత్తుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాను. అత్తమ్మ కూడా వచ్చింది. కిరాణా కొట్లో కొన్న పసుపు పొట్లం, కుంకుమ పొట్లం ఆమె సంచిలోనే ఉన్నాయి. వరండాలో కిటికీ పక్కన గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. ముసాయిదా పటం. నెలలోపు అభ్యంతరాలు రాసి ఇవ్వొచ్చని కింద ఉంది. ఇండ్లకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు ఆకుపచ్చ. నేను ఊరిని ఎప్పుడూ అలా పైనుంచి చూడలేదు. మబ్బు మీద పడుకుని చూస్తున్నట్టుంది. గుడి లేదు, బస్టాండు లేదు, మనుషులు లేరు. ఒట్టి రంగులు. వాటి మధ్య మా గల్లీ చిన్న నీలం పాయలా పోతోంది. కాసేపు అది అందంగానే అనిపించింది.

"మనిల్లేది?" అంది అత్తమ్మ. వేలుపెట్టి చూపించాను. ఆమె కళ్లు చిన్నవి చేసి చాలాసేపు చూసింది. కొత్త బీరువాకైనా, కుట్టు మిషన్‌కైనా, గ్యాసు పొయ్యికైనా పసుపు పెట్టకుండా ముట్టదు ఆమె. పాప నీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, పసుపు కలిపి, మా గల్లీ మీద వేలితో నిండుగా రాసింది.

"అత్తమ్మా! ఏం జేస్తున్నవ్?"

"మంచిగుండాలె గద బిడ్డా, మనిల్లు."

కుంకుమ పొట్లం విప్పేలోపు మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైంది. ఇద్దరం చిన్నపిల్లల్లా గబగబా బయటికొచ్చేశాం. అభ్యంతరం రాసిచ్చే సంగతే మరిచిపోయాను.

రెండు రోజుల తరువాత కాక ఫోన్ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన వెనక గల్లీ అంతా ఉంది.

"కొంపలు మునిగినయ్ బిడ్డా! గిది జూడు. మన గల్లీని పార్కు చేస్తుండ్రు. ఇండ్లన్ని కూలగొడ్తరట!"

ఫోన్‌లో ఆ ఆఫీసు పటం ఫోటో. అందులో మా గల్లీ ఆకుపచ్చగా ఉంది. నీలం మీద పసుపు ఆరి అలా తేలింది. ఒక చివర అత్తమ్మ వేలి గుండ్రం కూడా నాకు స్పష్టంగా కనబడింది.

చెప్పేయొచ్చు. నోరు తెరిచాను కూడా. లోపల పాప నిద్రలో మూలిగింది, నేను నోరు మూసుకున్నాను.

"నువ్వు డిగ్రీ చదివినవ్ గద, జర అర్జీలు రాయి" అన్నాడు కాక.

వారం రోజులు మధ్యాహ్నం పూట మా వరండాలో అర్జీలు రాశాను. గేటుకు చున్నీ ఉంది కాబట్టి అందరూ గుసగుసగా చెప్పేవాళ్లు. ఆ గుసగుసల్లో వాళ్ల జీవితాలు కలలో మాటల్లా వినిపించేవి. ఎదురింటి పెద్దమ్మ బీడీలు చుడుతూనే, తన ఇద్దరు బిడ్డలు నడక నేర్చింది మా గల్లీ సిమెంటు మీదేనని చెప్పింది. కాక ఏం చెప్పాలో తెలియక గేటు వైపు చూసి, "గీ గల్లీల పసిపిల్ల పండుకుంటె ఆటోవోడు గూడ మైకు బంద్ జేస్తడని రాయి" అన్నాడు. అందరి అర్జీల చివరా నేనొక మాట చేర్చాను: దయచేసి మా గల్లీని నివాస ప్రాంతంగానే ఉంచండి. అది పార్కుకూ అడ్డమే, ఫంక్షన్ హాల్‌కూ అడ్డమే. వాళ్లకు తెలిసింది సగం.

ఆదిలాబాద్‌లో ఉద్యోగం చేసే మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు. "నన్ను నడుమల వెట్టకు. అవ్వ జేసిన పని అవ్వనే అడుగు" అన్నాడు. అత్తమ్మను అడగలేదు. ఆమెకు పసుపు పెట్టిన సంగతే గుర్తులేదు.

విచారణ రోజు అందరినీ ఆఫీసుకు పిలిచారు. పాప నా భుజం మీద ఉంది. అధికారి అర్జీలు తిరగేసి ఆశ్చర్యపోయాడు.

"పార్కు ఎవరు చేస్తున్నారమ్మా? మా ప్లాన్‌లో అది కమర్షియల్."

కాక అందర్నీ వరండాలోకి తీసుకుపోయాడు. ఇన్ని రోజులు కిటికీ ఎండ నేరుగా పడి పసుపు వెలిసిపోయింది. ఆకుపచ్చ లేత నీడలా మిగిలింది, అడుగు నుంచి నీలం తిరిగి పైకి తేలుతోంది.

"అగో, గది నేను వెట్టిన పసుపే గద!" అంది అత్తమ్మ సంతోషంగా, పోయిన వస్తువు దొరికినట్టు.

ఎవరో ఫక్కున నవ్వారు, ఆఫీసు వాళ్లు కూడా నవ్వారు. కాక నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

"నీకు ఎరుకేనా బిడ్డా?"

"ఎరుకే కాకా."

"మరి చెప్పకపోతివి?"

వారం రోజులుగా ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. చివరికి "పిల్ల పండుకుంటది కాకా" అన్నాను.

వద్దనుకున్నవాళ్లు అర్జీలు వాపస్ తీసుకోవచ్చని అధికారి అన్నాడు. ముగ్గురో నలుగురో నా వైపు చూడకుండా తీసుకున్నారు. కాక కూడా తనది తీసుకుని, అద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి నడిచి మెల్లగా చదివాడు.

"గీ మైకు ముచ్చట నేనే చెప్పిన్నా?"

"నువ్వే చెప్పినవ్ కాకా."

"అబద్దమైతె కాదు." కాగితం మడిచి మళ్లీ బల్ల మీద పెట్టాడు. "ఉండనియ్యి సార్. గీమె సంగతి ఇంటికాడ చూస్కుంట."

నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. కొట్టుకు పోతే సామాన్లిచ్చి గోడ వైపు తిరిగేవాడు. పాపకు మాత్రం చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు.

ఆఖరి పటం వచ్చింది. మా గల్లీ పసుపు. కానీ ఖాళీ జాగ అవతలి అంచు మెయిన్ రోడ్డుకు తగులుతుందట, అందుకే ఆ జాగ నీలంగానే ఉండిపోయింది. హాల్ గేటు గల్లీ వైపు కాకుండా రోడ్డు వైపు పెట్టాలని రాశారు. అంటే బరాత్‌లు మా గల్లీలోకి రావు. డీజే మాత్రం గోడ దూకి వస్తుంది. నేను కిటికీకి మందపాటి తెర కుట్టాను.

మొన్న ఆ ఖాళీ జాగలో హాల్ పునాదికి ముగ్గు పోశారు. మేకులకు పసుపు పెట్టడానికి ముత్తైదువ కావాలని అత్తమ్మను పిలిచారు. ఆమె పోయింది కూడా.

"నువ్వెట్ల పోయినవ్ అత్తమ్మా?" అన్నాను.

"పిలిస్తె పోకుంటెట్ల బిడ్డా? ఎవలిదైతేంది, మంచిగుండాలె గద."

ఆ చేతులతోనే పాపను ఎత్తుకుంది. తెల్ల గౌను వీపు మీద నాలుగు వేళ్లు పసుపుగా దిగాయి. ఎండలో వేస్తే రెండు రోజుల్లో పోతాయని ఇప్పుడు నాకు బాగా తెలుసు. గౌను ఉతికాను. లోపల, నీడలో ఆరేశాను.