సపోర్టు లేని పెద్దల్లుడు

నా తోడల్లుడి మీద నాకు కోపం లేదు. ఉన్నది కుళ్ళు. ఈ సంగతి మా ఆవిడ తన చెల్లెలి పెళ్ళినాడే కనిపెట్టింది. నేను ఒప్పుకోవడానికి మాత్రం ఒక ఆట కావలసి వచ్చింది, అదీ కంప్యూటర్లో ఆడే వ్యవసాయం ఆట.

మా మామగారిది కొత్తపేట దగ్గర. వరి, కొబ్బరి. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరల్లుళ్ళం. నేను పెద్దల్లుణ్ణి, అమలాపురంలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. చిన్నల్లుడికి ఓడలరేవు వైపు రొయ్యల చెరువులు. మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. అత్తారింటికి చేతులూపుకుంటూ రాడు. రొయ్యలో, పండుగప్ప చేపో ఏదో ఒకటి ఐసు పెట్టెలో వేసుకుని వస్తాడు. అత్తగారు ఆ పెట్టె మూత తీసి మురిసిపోతుంటే పక్కన నేను స్వీటు ప్యాకెట్టు పట్టుకుని నిలబడేవాణ్ణి. దాన్ని నా చేతిలోంచి ఎవరైనా అందుకోవడానికి చాలాసేపు పట్టేది.

వంటింట్లో ఓడిపోయినా హాల్లో మాత్రం నాదే రాజ్యం. అక్కడ ఒక కంప్యూటర్ ఉండేది. అది పాతబడి, తెరుచుకోవడానికే మూలుగుతుంటే నేనే దానికి లినక్స్ ఎక్కించాను. కంప్యూటర్‌ని నడిపించే సిస్టం అంటే జనానికి విండోస్ ఒక్కటే తెలుసు. ఎవరైనా ఊరికే తెచ్చుకుని, విప్పి చూసుకుని, తమకి కావలసినట్టు మార్చుకోగలిగేది ఇంకోటుంది, అదే లినక్స్. ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లలకి నేను చెప్పేది అదే. పిల్లలు విని, ఇళ్ళకెళ్ళి విండోస్ వాడుకునేవారు. నా మాట విన్న మనిషి మామగారు ఒక్కరే. అందులోనే కొబ్బరికాయ ధరలు చూసుకునేవారు, ప్రవచనాలు వినేవారు. ఏదైనా తేడా వస్తే ఫోను నాకే.

"అల్లుడుగారూ, మిషను ఏదో అంటోందండి. మీకు వీలున్నప్పుడు ఓసారి..."

వీలేమిటి, క్లాసు అవగానే బండి తీసేవాణ్ణి. చిన్నల్లుడు ఎంత పెద్ద పండుగప్ప తెచ్చినా ఆ ఫోను మాత్రం అతనికి వెళ్ళేది కాదు. ఆ ఇంట్లో నాకున్న హోదా ఆ ఫోనే.

మామగారికి మోకాలి ఆపరేషన్ అయింది. గట్టు దిగి చేలోకి వెళ్ళొద్దన్నారు డాక్టరు. చేలు కౌలుకిచ్చేశారు. పొద్దున్న లేస్తే చేలోకి వెళ్ళడం తప్ప వేరే తెలియని మనిషి హాల్లో కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేవారు. ఎవరైనా పలకరిస్తే "ఆయ్, బాగానే ఉందండి" అనేవారు, అంతే. నేను వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్ తెరిచి, కొత్త అప్‌డేట్లు వేసి, "ఇప్పుడు ఇంకా తొందరగా తెరుచుకుంటుందండి మావయ్యగారూ" అని చెప్పి వచ్చేవాణ్ణి. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

చిన్నల్లుడికి తోచింది. ఆ ఆట తెచ్చాడు. యూరప్‌లో ఏదో చిన్న కంపెనీ చేసింది. దున్నాలి, విత్తాలి, కొయ్యాలి, సంతలో అమ్ముకోవాలి. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే పొలంలో కలిసి పనిచేసుకోవచ్చు. బొమ్మల్లో పెద్ద హంగులేమీ ఉండవు కాబట్టి పాత మిషనులో కూడా నడుస్తుంది, విండోస్ ఉంటే. హాల్లో నా కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు నొక్కి చూసి, చిన్నల్లుడు నావైపు తిరిగాడు.

"ఇందులో సపోర్టు లేదంటండి అన్నయ్యగారూ."

మాటలో వెటకారం ఏమీ లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఓ మాట అనేవాణ్ణి.

మర్నాడు తన దగ్గర ఖాళీగా పడున్న లాప్‌టాప్ తెచ్చాడు. బల్ల మీద చోటు చాలక, నా సీపీయూ డబ్బాని అడ్డంగా పడుకోబెట్టి దాని మీద పెట్టాడట. తర్వాత వెళ్ళి చూస్తే, ఇన్నాళ్ళూ నేను సాకిన మిషను అతని లాప్‌టాప్‌కి పీటయి కూర్చుంది.

ఫోన్లు ఆగిపోయాయి. సాయంత్రం అయ్యేసరికి మామగారు కొత్తపేటలో, చిన్నల్లుడు ఓడలరేవులో చెరువు గట్టు మీది షెడ్డులో, ఇద్దరూ కలిసి ఏదో చలిదేశంలో గోధుమ పండించుకునేవారు. ఒక ఆదివారం నేను వెళ్ళి వెనక నిలబడి చూశాను. చిన్నల్లుడి కోతమిషను వంకర టింకరగా పోతోంది. మామగారు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "గట్టెక్కించేస్తున్నారండీ. ఇటు, ఇటు తిప్పండి. ఎవరు నేర్పేరండీ మీకు డ్రైవింగు" అని పడీ పడీ నవ్వుతున్నారు. అలాంటి నవ్వు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి నవ్వుతుంటే సంతోషించాలి కదా. నేను ఆ లాప్‌టాప్ కింద అణిగి ఉన్న నా మిషను వంక చూస్తూ నిలబడ్డాను. నేను వచ్చినట్టు ఆయనకి తెలియడానికి అత్తగారు కాఫీ తెచ్చి చెప్పవలసి వచ్చింది.

"మన మిషనులో కూడా ఆటలున్నాయండి మావయ్యగారూ" అని ఆ రోజే సీపీయూకి తీగలు తగిలించి, లినక్స్‌తో వచ్చే ఆట ఒకటి పెట్టి చూపించాను. మంచు కొండ మీంచి ఒక పక్షి బోర్లా పడుకుని జారుతూ ఉంటుంది. మామగారు మర్యాదగా కాసేపు జార్చారు.

"బాగుందండి. ఈ పక్షి ఎక్కడికి వెళ్తోందండీ?"

"కిందకండి."

"ఆయ్" అన్నారు. తర్వాత లాప్‌టాప్ వైపు చూశారు.

అప్పటినుంచి నాకు కావలసింది ఒకటే. ఆ వ్యవసాయం ఆట నా లినక్స్‌లో ఆడాలి. ఆ లాప్‌టాప్ ఐసు పెట్టెతో పాటు ఓడలరేవు వెళ్ళిపోవాలి. మామగారు మళ్ళీ నా మిషను ముందు కూర్చోవాలి, మళ్ళీ నాకే ఫోను చెయ్యాలి.

విండోస్ కోసం చేసిన ఆటల్ని లినక్స్‌లో నడిపించే ఉపాయాలు లేకపోలేదు. నానా తంటాలూ పడి నా లాప్‌టాప్‌లో నడిపించాను. పొలం వచ్చింది, ట్రాక్టర్ వచ్చింది. ఆ తర్వాత కొత్తపేటలో అందరం భోజనాలకి చేరినప్పుడు, విస్తళ్ళు వేసేలోపు లాప్‌టాప్ తీసి, "చూడండి మావయ్యగారూ, ఇది మన లినక్సేనండి" అని వాళ్ళిద్దరి పొలంలోకి చేరబోయాను. ఆ ఆటకి ఒక కాపలా ప్రోగ్రాం ఉంది. సంతలో మోసాలు చేసేవాళ్ళని పట్టుకోవడం దాని పని. తనకి తెలియని సిస్టం కనపడితే అది మోసమనే అనుకుంటుంది. తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నేను మూసేలోపే చిన్నల్లుడు చదివేశాడు.

"మీరు దొంగాట ఆడుతున్నారంటోందేంటండీ అన్నయ్యగారూ."

అత్తగారు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. మా ఆవిడ పక్కకి తిరక్కుండానే నవ్వింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? విస్తరి ముందు కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆటలు చేసేవాళ్ళు విండోస్ వాడేవాళ్ళనే మనుషుల్లా చూస్తే ఎలా అన్నాను. మేం ఊరికే ఇమ్మనడం లేదు, కొనుక్కుంటామంటున్నాం, తలుపు తియ్యండి అంటున్నాం, అంతే కదా అన్నాను.

చిన్నల్లుడు పులుసు కలుపుకుంటూ శ్రద్ధగా విన్నాడు. "నిజమేనండి. కానీ మా చెరువులకి మేత అమ్మే ఆయన కూడా అందరూ వాడే మేతే తెస్తాడండి. నా ఒక్కడి చెరువు కోసం వేరే రకం తెప్పించమంటే ఆయనకి గిట్టుబాటవ్వాలి కదండీ."

"ఆడేవాళ్ళు తక్కువని సపోర్టు ఇవ్వరు. సపోర్టు లేదని ఆడేవాళ్ళు రారు. ఇది ఎప్పటికి తెమిలేను? గోదావరి దాటేవాళ్ళు తక్కువని అప్పట్లో వంతెనలు కట్టడం మానేసి ఉంటే మన కోనసీమ గతేమిటి?" అన్నాను. మాట బాగా కుదిరిందనిపించి మామగారి వైపు చూశాను.

మామగారు ముద్ద మింగారు. "ఆయ్, కట్టాలండి. కట్టేదాకా పంటు మీద దాటేం కదండీ. చిన్నల్లుడుగారి లాప్‌టాప్‌ని ఆ పంటు అనుకోండి."

అందరూ పెరుగన్నంలోకి వెళ్ళిపోయారు. నేను ఇంకా పప్పు దగ్గరే ఉన్నాను.

తిరుగుదారిలో బండి వెనక కూర్చుని మా ఆవిడ అడిగింది. "లినక్స్‌కి అన్యాయం జరిగిందని మీ బాధా, మా నాన్నగారి కంటికి మీరు ఆనడం లేదని మీ బాధా?"

"రెండూ ఒకటే" అన్నాను.

"కాదండి. రెండోదాన్ని కుళ్ళంటారు" అంది తాపీగా.

ఆ కంపెనీకి మెయిల్ రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. మేం కొద్దిమందిమే, లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి, ఒకదాంట్లో సరిచేస్తే ఇంకోదాంట్లో చెడుతుంది, అన్నిటిలోనూ ఆడి చూసుకునే ఓపిక మాకు లేదు అన్నారు. న్యాయమైన జవాబే. నేనే ఆ కుర్చీలో ఉంటే అదే రాసేవాణ్ణి. చిన్న ప్రోగ్రాం రెండు రకాల సిస్టంలలో పనిచెయ్యాలంటే మా పిల్లలు ఎంత గింజుకుంటారో రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా ఒళ్ళు మండింది. మళ్ళీ రాశాను. లినక్స్ వాడేవాళ్ళు కబుర్లు చెప్పుకునే చోట్లన్నిటా రాశాను, వాళ్ళచేత రాయించాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో నాతో చేరారు. వాళ్ళు సమానత్వమనీ, స్వేచ్ఛ అనీ రాసేవారు. నేనూ అవే మాటలు రాసేవాణ్ణి, కళ్ళ ముందు పీటయిన సీపీయూని పెట్టుకుని.

మా పోరు పడలేకో, అడిగేవాళ్ళు నిజంగానే పెరిగారో, ఒక మధ్యాహ్నం నేను కాలేజీలో ఉండగా ఆ కంపెనీ కబురు చెప్పింది. కొత్త అప్‌డేట్‌లో కాపలా ప్రోగ్రాం లినక్స్‌ని కూడా లోపలికి రానిస్తుంది. ప్రిన్సిపాల్‌గారికి తలనొప్పని చెప్పి బండి తీశాను. కాలవ గట్టు మీద వెళ్తున్నంతసేపూ మామగారి మాటలు కూడా నేనే అనుకున్నాను. "ఎంత పని చేసేరండీ" అంటారు. "మీరు కాబట్టి చేసేరు" అంటారు. నా లాప్‌టాప్ కూడా సంచిలో పెట్టుకున్నాను. ఇక ముగ్గురం ఆడతాం. కోతమిషను నేను నడుపుతాను. చిన్నల్లుడు వెనకాల బండి వేసుకొచ్చి ధాన్యం ఎత్తుకుంటాడు.

కొత్తపేట చేరగానే చిన్నల్లుడి లాప్‌టాప్ మూసి, వైరు చుట్టి, అల్మారా పైన పడేశాను. నా సీపీయూని లేపి నిలబెట్టి, దుమ్ము తుడిచి, ఆట ఎక్కించడం మొదలుపెట్టాను. మామగారు పక్క కుర్చీలో చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నారు. నేను నోరు మూయలేదు. కంపెనీకి నేనేం రాశానో, వాళ్ళేమన్నారో, దానికి నేనేమన్నానో అన్నీ చెప్పాను. ఆయన మధ్యమధ్యలో "ఆయ్" అంటున్నారు. చివరికి పొలం తెరుచుకుంది. ఎర్ర అక్షరాలు రాలేదు.

"చూసేరా మావయ్యగారూ, మన సిస్టంలోనే" అన్నాను.

ఆయన ముందుకి వంగి తెరంతా ఈ చివర్నించి ఆ చివరికి వెతికారు.

"బాగుందండి. మరి ఇందులో చిన్నల్లుడుగారు కనపడతారాండీ?"

"కనపడతారండి."

"అయితే ఇదీ మంచిదేనండి" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు.

నేను లేచి చోటిచ్చాను. సంచిలోంచి నా లాప్‌టాప్ తియ్యబోతుండగా తెర మీద చేల మధ్య దారిలో ఒక ట్రాక్టర్ కనపడింది. "వచ్చేరండీ" అన్నారు మామగారు, నాతో కాదు, ఆ ట్రాక్టర్‌తో. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఇవాళ ఏం చేద్దామని అతను అడిగినట్టున్నాడు. పడమటి చేను ఇంకా తడారలేదనీ, ముందు ఇవతలది కొయ్యాలనీ మామగారు ఓపిగ్గా చెప్పుకుపోతున్నారు. ఆ ముఖం వెలిగిపోతోంది.

దేశదేశాల వాళ్ళచేత రాయించి, ముక్కూ ముఖం తెలియని కంపెనీ మెడలు వంచి, నా మిషనులోకి నా చేతుల్తో నేనే అతన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఇన్నాళ్ళూ తన లాప్‌టాప్‌లో ఉండేవాడు. ఇప్పుడు నా లినక్స్‌లో కూడా ఉన్నాడు. సంచి జిప్పు మళ్ళీ వేసేశాను.

ఆ చప్పుడుకి కాబోలు, మామగారు ఒక చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకి జరిపి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, ఎంతో మర్యాదగా అన్నారు.

"పొద్దు వాలిపోతోందండి. జాగ్రత్తగా వెళ్ళి రండి అల్లుడుగారూ."

నేను వెళ్తానని అనలేదు.