పద్ధెనిమిది తిప్పులు

హోటల్లో ఆమెను అందరూ గ్లాసులక్క అంటారు. పదహారేళ్ళుగా బార్ వెనక సింకు ముందు నిలబడి గ్లాసులు కడుగుతోంది. వేళ్ళ చివర్లు ఎండుద్రాక్షల్లా ముడుచుకుపోయాయి. ఒంటికి పట్టిన మందు వాసనకి బస్సులో పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటారు గానీ, ఆమె ఒక్కనాడూ చుక్క నోట్లో వేసుకున్న మనిషి కాదు.

ఆ సింకు దగ్గర ఆమె ఒక చదువు చదివింది. స్కాచ్ రెండు వంతులు, వెర్ముత్ అనే తీపి వైను ఒక వంతు, చేదు మందు రెండు చుక్కలు, వీటిని పెద్ద గ్లాసులో ఐసు మీద పోసి, పొడుగు చెంచాతో తిప్పి, చల్లటి గ్లాసులోకి వడకట్టే పాత కాక్‌టెయిల్ ఒకటుంది. రంగుని బట్టి బార్‌వాళ్ళు దాన్ని ‘ఎర్రది’ అంటారు. వడకట్టాక పెద్ద గ్లాసు ఐసుతో సహా ఆమె దగ్గరికే వస్తుంది. బార్ పెద్దాయన తిప్పిన గ్లాసులో ఐసు ముక్కల అంచులు వాడిన సబ్బులా నున్నగా ఉంటాయి. ఆయన సెలవురోజు బదులు వచ్చేవాడు తిప్పినప్పుడు అంచులు వేలికి గుచ్చుకుంటాయి. ఆ రోజు ఎర్రది సగం తాగి వదిలేసిన గ్లాసులు తిరిగొస్తాయి. ముక్కలు మరీ చిక్కిపోయి ఉంటే, తాగినవాళ్ళు రెండోది అడగరు. ఎవరూ చెప్పకుండానే ఆమె ఇదంతా జతచేసుకుంది.

ఆరేళ్ళ కిందట కౌంటర్‌లో పని కావాలని అడిగింది. ఆఫీసు గుమస్తా కాగితం మీద ‘అనుభవం: లేదు’ అని రాసి నవ్వాడు. గ్లాసులో పోస్తే అనుభవమట. ఆ గ్లాసునే పదేళ్ళు కడిగితే కాదట. కడిగేవాళ్ళు సీసా ముట్టకూడదని రూలు కూడా చూపించాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఈ ఏడాది ఆడపడుచు కూతురు ఆరు నెలల బార్ కోర్సు చదివి, పని వెతుక్కుంటూ వచ్చి వీళ్ళింట్లోనే దిగింది. గ్లాసులక్కే పెద్దాయనతో మాట్లాడి పనిలో పెట్టించింది. తన పక్కన ఇంకో సింకు దగ్గర నిలబెడతారనుకుంది. మొదటి రోజే పిల్లకి నల్లకోటు తొడిగి కౌంటర్‌లో నిలబెట్టారు.

“అత్తా, కోటు ఎలా ఉంది?”

“బాగుంది,” అంది. వెంటనే సింకు వైపు తిరిగి ఇంకో గ్లాసు అందుకుంది.

మూడు వారాలు బీర్లూ జ్యూసులూ పోయించాక, గురువారం పరీక్ష అన్నారు. పెద్దాయన ముందు ఎర్రది చేసి చూపించాలి. కుదిరితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికి.

పిల్ల సొంత డబ్బుతో సీసాలు కొనుక్కుని, పొద్దున్నే వంటింట్లో సాధన మొదలుపెట్టింది. కోర్సులో ముప్పై తిప్పులు నేర్పారు. ఇంటి ఫ్రిజ్ ఐసు మీద ముప్పై తిప్పితే నీళ్ళనీళ్ళయింది. ఇరవై ఐదు తిప్పింది. ఇరవై తిప్పింది. సోమవారానికి పద్ధెనిమిది దగ్గర కుదిరింది.

“మామయ్యా, రుచి చూడు!”

బస్సు డిపోలో మెకానిక్ అయిన మామయ్య గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. “నాకు పొద్దున్నే స్వర్గం చూపిస్తున్నావే తల్లీ. మీ అత్తయ్య పదహారేళ్ళనుంచి వాసనే తెచ్చిపెడుతోంది.”

గ్లాసులక్క గిన్నె తోముతూ ట్రేలో మిగిలిన ఐసు వంక చూసింది. తెల్లగా, గుల్లగా ఉంది. అది ఇంటి ఐసు, పట్టుకుంటే కరిగిపోతుంది. హోటల్ మిషను ఐసు అద్దంలా ఉంటుంది, గాజంత గట్టిది. దాని మీద పద్ధెనిమిది తిప్పితే మందు ఘాటు అలాగే ఉండిపోతుంది, గొంతు కోస్తుంది. కోర్సువాళ్ళ ముప్పయ్యే అక్కడ సరైన లెక్క.

ఒక్క మాట చెబితే చాలు. ఆమె చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. బుధవారం పిల్ల ఆనందం పట్టలేక వెనకనుంచి వాటేసుకుంటే, “పద్ధెనిమిదే, గుర్తుపెట్టుకో” అని కూడా అంది. అన్నాక కడుపులో మంట కాస్త చల్లారినట్టనిపించింది.

మన కింద ఉన్నవాళ్ళు పైకొస్తే రగిలినంతగా, మనల్ని కిందే ఉంచినవాళ్ళ మీద మనకి రగలదు. నవ్విన గుమస్తాని ఆమె ఆరేళ్ళలో ఒక్కసారి తిట్టుకోలేదు. పిల్లని మూడు వారాలుగా రోజూ తిట్టుకుంటోంది.

గురువారం మూడింటికి బార్ ఇంకా తెరవలేదు. సింకుకీ కౌంటర్‌కీ మధ్య గ్లాసులందించే చిన్న కిటికీ ఉంది. దాంట్లోంచి పిల్ల వీపు, ఎదురుగా పెద్దాయన, పక్కన మేనేజరు కనిపిస్తున్నారు. పిల్ల కొలిచి పోసింది. చెంచా తిరిగింది. గ్లాసులో ఐసు గులకరాళ్ళలా టకటకలాడుతోంది.

గ్లాసులక్క మనసులో లెక్కపెడుతోంది. పదహారు. పదిహేడు. నాలుగు రోజులుగా ఎదురుచూసిన క్షణం ఇదే. అప్పుడామెకు గుమస్తా నవ్వు గుర్తొచ్చింది. ఈ పిల్ల పోతే రేపు ఇంకో సర్టిఫికెట్ వస్తుంది. ఎల్లుండి ఇంకొకటి. తనకి ఈ పని తెలుసన్న సంగతి మాత్రం ఈ గోడ ఇవతలే చచ్చిపోతుంది.

పద్ధెనిమిది. పిల్ల చెంచా పైకెత్తింది.

“ఆపకు!”

అందరూ తిరిగి చూశారు.

“ఎవరది?” అన్నాడు మేనేజరు.

“నేనే. ఐసు అంచు ఇంకా అరగలేదు. ఇంకో పన్నెండు పడాలి.”

మేనేజరు నోరు తెరిచేలోగా పెద్దాయన గ్లాసులోకి వంగి చూశాడు. “తిప్పమ్మా,” అన్నాడు.

పిల్ల తిప్పింది. వడకట్టింది. పెద్దాయన ఒక గుటక వేసి, ఇంకోటి వేసి, మేనేజరుతో అన్నాడు: “పిల్ల చెయ్యి మంచిది.”

చెయ్యి మంచిదట! కిటికీ వైపు ఎవరూ చూడలేదు. గ్లాసులక్క ఆ రోజు రెండు గ్లాసులు పగలగొట్టింది.

మర్నాడు పొద్దున పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడింది. “అత్తా, నీకు ముందే తెలుసు కదూ?”

“తెలుసు.”

“మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?”

“కుళ్ళు,” అంది గ్లాసులక్క. “నీ కోటు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడూ మండుతోంది.”

పిల్ల తెల్లబోయింది. తర్వాత కోపంగా సీసాలు తెచ్చి బల్లమీద పెట్టింది. “అంత తెలిస్తే చేసి చూపించు!”

గ్లాసులక్క చేతులు తుడుచుకుంది. కడిగేటప్పుడు తప్ప ఏనాడూ పట్టుకోని పొడుగు చెంచా అందుకుంది. లెక్కపెట్టలేదు. ఎడమ చేతి వేళ్ళ వెనకవైపు గ్లాసుకి ఆనించి, ఐసు అంచుల్నే చూస్తూ తిప్పింది. వేళ్ళు జివ్వుమన్న చోట ఆపేసింది. వడకట్టి, తీపి చెర్రీ ఒకటి వేసి, ముందుకు తోసింది.

పిల్ల తాగింది. మళ్ళీ తాగింది. గ్లాసు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ, “పర్లేదు,” అంది.

అప్పుడే వంటింట్లోకొచ్చిన మామయ్య మిగిలింది లాగేసి, “పర్లేదా! ఇది నీ దానికంటే...” అని మొదలుపెట్టి, మేనకోడలి మొహం చూసి డిపోకి టైమైందని వెళ్ళిపోయాడు.

గ్లాసులక్కకి ఆ మొహం బాగా తెలుసు. మూడు వారాలుగా తను అద్దంలో చూసుకుంటున్న మొహం. ఇన్నాళ్ళకి ఒకరికి తనమీద అసూయ కలిగింది. భుజాలు వాటంతటవే నిటారయ్యాయి.

ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. పై అంతస్తులో రెండో కౌంటర్ తెరుస్తున్నారు, దానికి మనిషి కావాలి.

“అది నాకివ్వండి.”

“మీ పిల్లకిద్దామనుకుంటున్నాం అక్కా. అయినా రూలు ఒప్పుకోదు.”

“అయితే ఆ రూలు రాసిన బాబుని వచ్చి ఈ పూట గ్లాసులు కడగమనండి.”

ఏప్రన్ విప్పి సింకు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏడింటికి ట్రేలు గుట్టపడ్డాయి. ఏడున్నరకి శుభ్రమైన గ్లాసు ఒక్కటీ లేదు. వెయిటర్లిద్దరు కూడా వచ్చి ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎనిమిదింటికి మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, వచ్చే గురువారం ఇద్దరికీ పోటీ పరీక్ష పెడతామన్నాడు.

“మాట కాదు. కాగితం,” అంది.

కాగితం చేతికొచ్చాకే కుళాయి తిప్పింది.

మర్నాడు పొద్దున లేచేసరికి వంటింటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల చెంచా తిరుగుతోంది. గ్లాసులక్క తలుపుకి చెవి ఆనించింది. టకటక కాస్తా మెత్తబడుతోంది, ఐసు పలచనైపోతోంది. పిల్ల ఇంకా తిప్పుతూనే ఉంది.

ఊరుకుంటే సరిపోయేది. పిడికిలితో తలుపు బాదింది.

“చాల్లే ఆపవే! నీళ్ళయిపోతోంది!”

లోపల చెంచా చప్పుడు టక్కున ఆగింది.

“నువ్వు వినకు అత్తా! చెవులు మూసుకో!”