గొడుగు పాటలో మూడు దెబ్బలు

ఆ రోజుల్లో ఒక పాట హిట్టయిందంటే అది ఒక్క పాటగా ఉండేది కాదండీ, పది పాటలయ్యేది. సినిమాలో పెద్ద గాయని పాడింది మొదటిది. అది బజార్లోకి వచ్చిన కొద్ది రోజులకే అదే పాట, అదే బాణీ, మాలాంటి అనామకుల గొంతులో ఇంకో క్యాసెట్టుగా వచ్చేది. అట్ట మీద హీరో హీరోయిన్లకు బదులు ఎక్కడిదో ఒక గులాబీ పువ్వుండేది (అదే గుర్తు. తెలిసినవాళ్లు పువ్వు చూడగానే పక్కన పెట్టేసేవాళ్లు, తెలియనివాళ్లు ఇంటికెళ్లి విని గాయనికి జలుబు చేసిందేమో అనుకునేవాళ్లు). వాటిని వెర్షన్ పాటలనేవాళ్లం. ఆ తర్వాత పెళ్లి బ్యాండు పాట, వినాయకుడి పందిట్లో పాట, మాటలు మార్చి కట్టిన భజన పాట... ఇలా ఒక బాణీ ఊరంతా తిరిగొచ్చేది. అలా తిరిగిన ఒక పాట దారిని ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒక మలుపులో బిక్కమొహం వేసుకుని, ఎర్రబడ్డ చెంపలతో నేనే నిలబడి కనిపిస్తాను. నవ్వొస్తుంది. ఆ వెంటనే చేతులు జోడించాలనిపిస్తుంది.

నేను బడికి వెళ్లలేదు. చిన్నతనంలో విడవని జ్వరాలు. అవి తగ్గేసరికి నా ఈడు పిల్లలు నాలుగు తరగతులు దాటిపోయారు. "దాన్ని ఇప్పుడు పసిపిల్లల మధ్య కూర్చోబెట్టి ఏడిపించడం దేనికి" అని మా తాతయ్యే నాకు బడి అయ్యాడు. ఫిల్మ్‌నగర్‌లో బండరాళ్ల మధ్య చిన్న రాముడి గుడి ఒకటుండేది, అందులో ఆయన అర్చకుడు. అమ్మా నాన్నా అక్కా తాతయ్యా నేనూ రహమత్ నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. తెల్లవారుతూనే తాతయ్యా నేనూ నడుచుకుంటూ కొండెక్కేవాళ్లం. ఎక్కేటప్పుడు ఎక్కాలు, దిగేటప్పుడు పద్యాలు, గుళ్లో సంగీతం. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే తరలివచ్చి ఇళ్లు కట్టుకుంటున్న కాలమది. జూబ్లీహిల్స్‌లో మేడలకన్నా బండలే ఎక్కువ. కొత్త సినిమా మొదలుపెట్టేవాళ్లు కథ కాగితాలను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి రాముడి పాదాల దగ్గర పెట్టేవాళ్లు. తాతయ్య వాటికి పసుపు కుంకుమలు పెట్టి, "కథలో ఆడపిల్లని మరీ ఏడిపించకండి నాయనా" అని ఆశీర్వదించి పంపేవాడు. (ఒక్కరూ వినలేదు.)

తాతయ్య నాకు నేర్పినవాటిలో ఒకటి మాత్రం ఒంటికి అంటుకుపోయింది. పాట ఏదైనా, ఎంత బాగా పాడినా, చివర లెంపలేసుకోవాలి. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఇంకొకటి. "తెలిసి చేసిన తప్పులకు ఆ రెండూ, తెలియక చేసినదానికి ఆ ఒకటీ. తెలియనిదాన్ని వెతుక్కోవాలి కదే, అందుకే ఆగడం" అనేవాడు. పదో ఏట మొదలైన ఆ అలవాటు ఆవులింత వస్తే చిటిక వేసినంత సహజమైపోయింది. ఇంకొకటి, సినిమా పాట పాడనని రాముడి ముందు నా చేత మాట తీసుకున్నాడు. "పాపమని కాదే అమ్మడూ. నోటికి ఏది అలవాటైతే దేవుడి ముందు నిలబడ్డప్పుడు అదే వస్తుంది. అదీ నా భయం."

మా నాన్నకు పినతండ్రి కొడుకు ఒకాయన క్యాసెట్ల వ్యాపారం చేసేవాడు. క్యాసెట్ల బాబాయి అనేవాళ్లం. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి మేడ వెనక కారుషెడ్డు అద్దెకు తీసుకుని, గోడలకు బొంతలు వేలాడదీసి రికార్డింగ్ గది చేశాడు. ఒక నవమికి గుళ్లో నా పాట విని, "పెదనాన్నగారూ, మీరు రాముడి మీద ఏవో రాసుకున్నారటగా, అవి మన అమ్మడి చేత పాడించి క్యాసెట్టు వేద్దాం" అన్నాడు తాతయ్యతో. తాతయ్య నలభై ఏళ్లలో రాసుకున్నవి ఎనిమిదే పాటలు. "ఎందుకులేరా, ఎవరు వింటారు" అన్నాడు గానీ, ఆ రాత్రే కొత్త నోటుపుస్తకంలో ఎనిమిదీ ముత్యాల్లా తిరగరాశాడు. రెండు పొద్దుల్లో పాడేశాను. టేపు బాబాయి బీరువాలో పడుంది. ఎప్పుడొస్తుందని తాతయ్య ఎన్నడూ అడగలేదు. కాకపోతే గుడి నుంచి వచ్చేటప్పుడు క్యాసెట్ల కొట్టు ముందు ఆయన నడక నెమ్మదించేది. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు.

ఒకరోజు బాబాయి కబురుపెడితే క్యాసెట్టు వచ్చేసిందనుకుని పరుగెత్తాను. కారుషెడ్డులో వాయిద్యగాళ్లంతా సిద్ధంగా కూర్చున్నారు. బాబాయి మాత్రం తల పట్టుకుని ఉన్నాడు.

"అమ్మడూ, కొంప మునిగిందే. గొడుగు పాట పాడాల్సిన పిల్లకి గొంతు పోయింది." (ఆ పిల్ల మూల కూర్చుని, అవునని చేతులతో చెబుతోంది.)

గొడుగు పాటంటే ఆ ఏడు ఊరిని ఊపేస్తున్న సినిమా పాట. ‘గొడుగొకటే ఉందిరా, తడవనిదేముందిరా’ అని పల్లవి.

"నేను పాడకూడదు బాబాయ్. తాతయ్యకి మాటిచ్చాను."

"నీ పేరు వెయ్యనమ్మా. చవితికి తొమ్మిది రోజులే ఉంది. రేపటి నుంచి వీళ్లంతా పెద్ద స్టూడియోకి పోతారు. గొడుగు పాట లేనిదే ఏ షాపువాడూ ఈ క్యాసెట్టు ముట్టుకోడు. ఇది పోకపోతే మా పార్ట్‌నరు నన్ను ఆ రెండోది వేయనివ్వడే. రెండోది ఏంటో నీకు చెప్పాలా?"

బీరువా వైపు చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి. క్యాసెట్ల కొట్టు ముందు నెమ్మదించే కాళ్లు కనిపించాయి. రాముడికి మనసులో దణ్ణం పెట్టుకుని కాగితం అందుకున్నాను.

"బాబాయ్, వానాకాలంలో అందరూ తడుస్తారుగా. దీనికిన్ని మెలికలు దేనికి?" అని నిజంగానే అడిగాను. రికార్డింగు చేసే ఆయన పకపకా నవ్వాడు. ఆయన పాతబస్తీ మనిషి, ఎప్పుడూ మీటరు సూది మీదే కళ్లుండేవి గనుక సూదాయన అనేవాళ్లం. "అమ్మా, గది గట్ల అడుగొద్దు. పాడాలె, అంతే. జర నవ్వుతున్నట్టు పాడు."

అప్పట్లో అంతా ఒకేసారి కదండీ, వాయిద్యాలూ గొంతూ కలిసే టేపులోకి ఎక్కాలి. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావలసిందే. గొంతుకి వేరుగా బొంత అడ్డు కట్టిన మూలలో కూర్చుని, కళ్లు మూసుకుని పల్లవి పాడాను. అయిందో లేదో సూదాయన అరిచాడు.

"ఆగుర్రి! ఎక్స్‌ట్రా దెబ్బ ఎవడు కొడుతుండు? తబలా భాయ్, నువ్వేనా?"

"అమ్మతోడు, అప్పుడు నా చేతులు గాల్లో ఉన్నయ్ అన్నా."

మళ్లీ పాడాం. మళ్లీ అదే. డోలక్ ఆయన మీద అనుమానపడి ఆయన్ని గది చివరికి జరిపారు. నా కుర్చీ కిర్రుమంటోందని కుర్చీ తీసేశారు. నా గాజులేమోనని అవీ తీయించారు. గాజులు తీశాక దెబ్బలు ఇంకా స్పష్టంగా వినిపించాయట. అందరితో పాటు నేనూ బొంతలెత్తి వెతికాను. రాముడి సాక్షిగా చెబుతున్నాను, నాకు తెలియలేదండీ. ఐదోసారి పూర్తయ్యేసరికి వాయిద్యగాళ్లకు వేళ మించిపోయింది. సరే, ఏముందో విందామని సూదాయన టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. పల్లవి అయింది. టప్‌టప్... టప్. నా చెయ్యి దానంతటదే చెంప మీదకి వెళ్లింది. చెంప పెనంలా కాలుతోంది. పల్లవి నోట్లోంచి రావడం, భయంతో లెంపలేసుకోవడం, పాటలో పల్లవి వచ్చిన ఆరుసార్లూ అదే పని చేశానన్నమాట!

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా సూదాయన తొడ చరిచాడు. "గమ్మత్తుగున్నది సార్! పల్లవి కాంగనే పడుతుంది, లయ తప్పలే. తీసేస్తే పాట చప్పగైతది."

"ఇదేం వాయిద్యమని ఎవరైనా అడిగితే?" అన్నాడు బాబాయి.

"బొంబాయి నుంచి తెప్పించినమని చెప్పుర్రి."

తెరిచిన నోరు మూసేశాను. బొంబాయి వాయిద్యాన్ని చెంప మీదే పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాతి చరిత్ర నా చేతుల్లో లేదు. గులాబీ పువ్వు క్యాసెట్టు చవితికి ముందే కొట్లలో నిలవకుండా పోయింది. ఆటోల్లో, టీకొట్లలో, పందిళ్లలో అసలు పాట పక్కకి తప్పుకుని మా నకలు పాట మోగింది. మా ఇంటి ఓనరమ్మ పూలు గుచ్చుకుంటున్న నా పక్కన చతికిలబడి, "పిల్లా, గా దెబ్బల పాట ఇన్నవా? సిన్మాల ఉన్నది పాటనే కాదు, గిదీ పాటంటే. ఎవలు పాడిండ్రో గానీ మస్తు షోకు పిల్ల అయ్యుంటది" అంది. నా చేతిలో సూది వేలికి గుచ్చుకుంది. నిమజ్జనానికి బ్యాండువాళ్లు ఆ మూడు దెబ్బల్నీ డ్రమ్ము అంచు మీద కర్రతో కొట్టారు. కార్తీకం దాటేసరికి మా వీధిలో మాలవేసుకున్న స్వాములు అదే బాణీకి శరణుఘోష కట్టారు. పల్లవి కాగానే నలభై మంది స్వాములు నిజంగానే లెంపలేసుకున్నారు, రెండూ, ఆగి ఒకటీ. వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ దెబ్బలెవరివో వాళ్ల చేతులకే తెలిసింది కాబోలు. గుమ్మంలో నిలబడి విని, దారి తప్పిన నా లెంపలు తిరిగి దేవుడి దగ్గరికే చేరాయని కళ్లు తుడుచుకున్నాను.

బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. తాతయ్య క్యాసెట్టు వచ్చింది. ఆయన మొదటిది రాముడి పాదాల దగ్గర పెట్టి, అట్ట మీద తన పేరును వేలితో తడిమాడు. నేను నేల చూపులు చూశాను, నా కారణాలు నావి.

ఆ వారమే గుళ్లో ఒక సినిమా ముహూర్తం. తాతయ్య హారతిస్తున్నాడు, నేను తీర్థం గిన్నె పట్టుకుని పక్కన ఉన్నాను. బయట నిర్మాతగారి డ్రైవరు కారు తలుపు తెరిచి పాట పెట్టాడు. గొడుగు పాటే. పల్లవి వచ్చింది, కారులో టప్‌టప్, గుళ్లో నా చెయ్యి టప్‌టప్, కారులో టప్, నా చెంప మీద టప్. సగం తీర్థం హీరోగారి తెల్ల పాంటు మీద. (ఆయన మహానుభావుడు, శుభసూచకమన్నాడు.) తాతయ్య హారతి పళ్లెం గాల్లో ఆగింది. నా వైపు చూసి, మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు.

దిగేటప్పుడు ఆ రోజు పద్యాల్లేవు. సగం దారిలో ఆయనే అన్నాడు.

"పద్దెనిమిది."

"ఏంటి తాతయ్యా?"

"మొత్తం పద్దెనిమిది దెబ్బలు. లెక్కపెట్టాను. చవితి నాడే టీకొట్టు దగ్గర నిలబడి రెండుసార్లు విన్నాలే. గొంతు మార్చావు గానీ, ఆ ఆగడం నేను నేర్పిందేగా."

"మాట తప్పాను తాతయ్యా."

"తప్పావు. నా పాటల కోసమేనా?"

తలూపాను. ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. "అయితే దీంట్లో నాకూ వాటా ఉందే. నడుస్తూ నడుస్తూ కొట్టు ముందు ఆగేవాణ్ణి. నువ్వు చూస్తావని తెలియలేదు" అని, నడిరోడ్డు మీద, విభూది రేఖలతో, కండువాతో ఆ పెద్దాయన లెంపలేసుకున్నాడు. రెండు. ఆగాడు. ఒకటి.

సరిగ్గా అప్పుడే పక్కనుంచి పోతున్న ఆటో అతను తల బయటపెట్టి కేకేశాడు, "అరే, పంతులుగారు గూడ గొడుగు పాటకొచ్చిండురో!"

తాతయ్య నన్ను చూశాడు, నేను తాతయ్యని చూశాను. ఇద్దరం ఒక బండ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వాగాక కళ్లు తుడుచుకుంటూ, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రెండో చరణంలో శ్రుతి జారిందే" అన్నాడు. ఆయన నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే. ఆ ఎనిమిది పాటల్ని ఎక్కువమంది కొనలేదు. అయినా తాతయ్య ఉన్నన్నాళ్లూ, ఆయన పోయాకా చాలా ఏళ్లు, ఆ గుళ్లో పొద్దున్నే అవే మోగాయి. అంతకన్నా నాకేం కావాలి?

ఈమధ్య మా అక్క మనవరాలి పుట్టినరోజుకు జూబ్లీహిల్స్‌లో ఒక హాలుకి వెళ్లాను (అప్పటి బండలు ఒక్కటీ కనపడలేదు). పిల్లల కోసం పెద్ద పెద్ద స్పీకర్లలో పాటలు వేస్తున్నారు. ఉన్నట్టుండి గొడుగు పాట! ఎవరో కుర్రగాయకులు, ఏదో కొత్త మోత. బాణీ సగం మారిపోయింది, మాటలు సగం ఇంగ్లీషయ్యాయి. పల్లవి అవగానే మాత్రం టప్‌టప్... టప్. పిల్లలంతా గెంతుతూ చెంపల మీద కొట్టుకుంటున్నారు. పుట్టినరోజు పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకు లాగింది.

"అమ్మమ్మా, నువ్వూ రా. స్టెప్పు ఈజీ. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టాలి."

"ఎందుకు ఆగాలే?" అని అడిగాను.

"ఏమో. అంతే. అలాగే చెయ్యాలి."

అలాగే చేశాను. తెలిసిన తప్పులకు రెండు కొట్టుకున్నాను. తెలియనిదాన్ని వెతుక్కుంటుంటే, బొంతలెత్తి ఆ చప్పుడెక్కడిదా అని చూస్తున్న పందొమ్మిదేళ్ల పిచ్చిపిల్ల కనిపించింది. వెనకనుంచి తాతయ్య నవ్వు కూడా వినిపించినట్టయింది. అక్కడే ఉండిపోయాను.

"అబ్బా, అమ్మమ్మా! లేటు!" అంది మనవరాలు.

నవ్వుకుంటూ మూడోది కొట్టుకున్నాను.