డ్రమ్ములో కలిపిన డికాషన్

తొమ్మిదేళ్ళుగా ఒక డ్రమ్ము నీళ్ళ బరువు నా గుండెల మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు మిగతా తప్పులన్నీ చెప్పుకుని దీన్ని మాత్రం దాటేసేదాన్ని, దేవుడు గమనించడన్నట్టు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలుగులో రాయడానికి కూడా ఒక కారణం ఉంది. వ్యాసర్పాడిలో మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదువులు మాత్రం తమిళంలో. తెలుగు చదవగలిగేది నాయుడుపేట నుంచి కోడలిగా వచ్చిన నేనొక్కదాన్నే. ఈ కాగితం ఇంట్లో ఎవరి చేతిలో పడినా భయం లేదు. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా నా జాగ్రత్తలో నేనున్నాను.

ఆ డ్రమ్ము నీళ్ళు అక్కవి. అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. మా మేడ మీద ఆమె రెండు వరసల గాజుతొట్లు పెట్టి రంగు చేపలు పెంచి దుకాణాలకు ఇచ్చేది. గప్పీలు మా వీధిలో చాలామంది పెంచుతారు. నియాన్ చేపల చేత పిల్లలు పెట్టించడం మాత్రం అక్కకే చేతనయింది. చిటికెనవేలిలో సగం ఉంటాయి, ఒంటి మీద నీలిగీత, తోక వైపు ఎరుపు. మా బోరు నీళ్ళలో బతుకుతాయి గానీ ఆ ఉప్పుకు గుడ్లు చెడిపోతాయి. వాటికి మెత్తటి నీళ్ళు కావాలి, కాస్త పులుపు కావాలి. అందుకు పీట్ మాస్ వాడాలి. ఎక్కడో చలిదేశాల బురదనేలల్లో మురిగిన నాచును ఎండబెట్టి పొట్లాల్లో అమ్ముతారు. దాన్ని ఉడకబెట్టి, పాత పంచె గుడ్డలో మూటకట్టి, వాననీళ్ళ డ్రమ్ములో మూడు వారాలు వేలాడదీస్తే నీళ్ళు మెత్తబడి, పులుపెక్కి, పలచటి టీ రంగుకు వస్తాయి. బోరు నీళ్ళలో ఎంత పీట్ వేసినా ఉప్పే గెలుస్తుందని అక్క అనేది.

నీళ్ళ పులుపు కొలిచే మీటర్లు ఆమెకు లేవు. మొదటిసారి పిల్లలు బతికిన నీళ్ళను ఒక మందుసీసాలో పోసి బిరడా బిగించి పెట్టుకుంది. ప్రతిసారీ గ్లాసుతో డ్రమ్ము నీళ్ళు ముంచి, ఆ సీసా పక్కన ఎండకు ఎత్తి చూసేది. రెండు రంగులూ ఒకటైతే సరి. ఆ చూపు కోసం దూరం నుంచి పెంపకందార్లు వచ్చి ఆమెను పిలుచుకుపోయేవాళ్ళు. నేను తొట్లు తోమేదాన్ని. ఆరేళ్ళు తోమాను. నాకు కుళ్ళు ఉండేదా? ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అక్క కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దుమ్ము తగలకూడదు, వంగకూడదు, నీళ్ళు చిమ్మకూడదు అన్నారు. షోళింగనల్లూరులో కూతురింటికి వెళ్ళి మూడు వారాలు ఉంది. వెళ్తూ వెళ్తూ మొదటిసారి నీళ్ళు నాకు అప్పజెప్పింది. పీట్ పొట్లం, గుడ్డ, సీసా, వానాకాలం నుంచి మూతపెట్టి దాచిన డ్రమ్ము.

రెండో రోజు నుంచి లారీ నీళ్ళు రాలేదు. నాలుగు రోజులు. ఇంట్లో మాసిన బట్టల గుట్ట, బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు. డ్రమ్ములో రెండు బిందెలే తీద్దామనుకున్నాను. తీస్తూ పోయాను, అడుగు కనిపించింది. అక్కడితో అక్కకు ఫోన్ చేసి ఉంటే నాలుగు మాటలు పడేవి, అయిపోయేది. చెయ్యలేదు. డ్రమ్మును బోరు నీళ్ళతో నింపి మూతపెట్టాను. బోరు నీళ్ళలో పీట్ ఎలాగూ పనిచెయ్యదు కదా అని మూట కూడా కట్టలేదు.

అక్క వచ్చే రోజు పొద్దున భయం పట్టుకుంది. పొయ్యి మీద టీ డికాషన్ కాచాను, చిక్కగా. చల్లార్చి గిన్నె గిన్నెగా డ్రమ్ములో పోస్తూ, సీసా పక్కన పెట్టి చూస్తూ, ఇంకాస్త, ఇంకాస్త, రెండు రంగులూ ఒకటయ్యేదాకా కలిపాను. పీట్‌ను ఉడకబెట్టి మూటకట్టి ముంచి, వాడినట్టు కనబడేలా గట్టు మీద ఆరేశాను. ఆరేళ్ళు తొట్లు తోముతూ నేర్చుకున్న చూపుతో నేను మొదట చేసిన పని అది.

అక్క గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నల్లద్దాలు పైకెత్తి డ్రమ్ము వైపు చూసింది. ఇంకా వంగకూడదు. గ్లాసు నేనే ముంచి ఇచ్చాను.

"వాననీళ్ళే కదమ్మే?"

"వాననీళ్ళేక్కా."

"పీటు మూడు వారాలూ నానిందా?"

"నానిందక్కా. ఈరోజే తీస్తిని."

గ్లాసునూ సీసానూ ఎండకెత్తి చాలాసేపు చూసింది. "కరెక్టా ఉండాది. నీకూ కన్ను కుదిరింది పో" అంది.

చేపల్ని నా చేత ఆ నీళ్ళలో వదిలించింది. గుడ్లు పెట్టాయి. మర్నాటికి అన్నీ తెల్లబడి బూజు పట్టాయి. ఇంకో జత వదిలించింది. మళ్ళీ అంతే. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. సీసాను కుడికంటికి, ఎడమకంటికి మార్చి మార్చి పెట్టుకుని చూసింది. "ఆపరేషన్ కంటికి తెలుపు మరీ తెలుపుగా, ఎరుపు మరీ ఎరుపుగా ఉండాదే. రంగు తెలీక చూసినా నేను. నా కన్ను పోయినాదమ్మే" అంది.

ఆ కన్ను పోలేదు. ఆ కన్ను సరిగ్గానే చూసింది. మోసం నీళ్ళలో ఉంది. నాకు తెలుసు, పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. ఎందుకు? అక్క కొట్టే మనిషి కాదు. మళ్ళీ తొట్లు తోమే పీచు నా చేతికిస్తుందని భయపడ్డాను. అంతేనా? ఆమె తన చూపును అనుమానించిన క్షణాన నా చూపుకు విలువ వచ్చిందని నాలో ఏదో సంతోషించింది. ఇది రాయడానికే తొమ్మిదేళ్ళు పట్టింది.

నెల తర్వాత ఎడమకంటి శుక్లానికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. అక్క వెళ్ళనంది. ఒక కన్ను చెడగొట్టారు, రంగు తెలిసిన ఈ కన్నన్నా ఉండనీండి అంది. కూతురు బతిమాలింది, ఏడ్చింది. చివరికి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు చెప్తే వింటాది" అంది. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. డ్రమ్ములో కలిపింది డికాషన్ అని. "ఆమె ఇష్టం, మనమెట్ట బలవంతం చేస్తాం" అన్నాను. వాననీళ్ళు వాడేసింది అవసరం. రంగు కలిపింది భయం. ఈ మాటకు మాత్రం ఏ పేరూ దొరకదు నాకు.

పొర ముదిరింది. కంట్లో ఒత్తిడి పెరిగింది. నొప్పి భరించలేక వెళ్ళేసరికి ఆలస్యమైందన్నారు. దాచుకున్న ఎడమకన్ను పోయింది. చెడిపోయిందని నేను నమ్మించిన కుడికంటితోనే అక్క ఇవాళ అన్నం తింటోంది, మెట్లెక్కుతోంది, నా ముఖం చూస్తోంది.

ఇప్పుడు నియాన్‌లు నేనే పెంచుతున్నాను. ఫిల్టర్ నీళ్ళు, మీటరు, అన్నీ ఉన్నాయి. పీట్ మూట మాత్రం ఇంకా పాత పంచెతోనే కడతాను. నా దగ్గరకూ పెంపకందార్లు వస్తున్నారు. సీసా అక్కే నాకిచ్చింది, నాకెందుకమ్మే ఇంక అని. మీటరు ఎంత చూపించినా, ఆ సీసాను నేను ఎండకెత్తితే గానీ ఆమెకు తృప్తి ఉండదు. "నీ కన్నంటే కన్ను" అంటుంది. ప్రతిసారీ అంటుంది.

ఇది మేడ మీద తొట్ల పక్కన కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే అక్క గోడ పట్టుకుని పైకి వచ్చింది, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అంతసేపు ఏంది రాస్తా ఉండావు?"

"నీళ్ళ గురించక్కా."

"మన నీళ్ళ గురించా? చదువు, వింటా."

తెలుగులో రాస్తే క్షేమం అనుకున్నాను. చదివి వినిపించమంటే ఏం చేయాలో ఆలోచించలేదు. ఆమె ఆ ఒక్క కంటితో నా కాగితం వైపే చూస్తోంది. చదవడం వాయిదా వేయడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నానని నాకు తెలుస్తోంది. ఆమె ఏమంటుందో తెలియదు. క్షమించమని అడిగే ముఖం లేదు నాకు. అయినా గుండె మీద డ్రమ్ము కాస్త జరిగినట్టుంది. ఇక రాయడానికి ఏమీ మిగల్లేదు.