పొట్టేలుకు వచ్చిన జ్వరం

కరోనాకు ముందు ఏడాది జూన్‌లో నన్ను చిత్తూరు దగ్గర ఒక మండలానికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరుకు గెజిటెడ్ అధికారిని. తెల్లారితే మాత్రం నా పని కబేళా వాకిట్లో గొర్రెల పళ్ళు చూడటం. కోతకు ముందు ప్రతి జీవాన్నీ నడిపించి చూడాలి, కళ్ళూ ముక్కూ చూడాలి, జ్వరం కొలవాలి. గొర్రెకు నూటరెండు, నూటమూడు డిగ్రీలు మామూలే. నూటఆరు ఉంటే కోతకు అనుమతి ముద్ర వేయకూడదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి. మాంసం కొట్లవాళ్ళకు అందుకే నేనంటే పడేది కాదు.

ఒక గురువారం పొద్దున కోతలు అయిపోయాక యేసురత్నం వచ్చాడు. మా చర్చిలో కొత్తగా చేరిన లారీ డ్రైవరు. ఏడాది పొట్టేలును తాడుతో పట్టుకొచ్చి, "దీంట్లో ఏ కళంకమూ లేదని కాయితం రాసియ్యండి సార్" అన్నాడు.

పరీక్షించాను. పళ్ళు, గిట్టలు, తోలు అన్నీ చక్కగా ఉన్నాయి. ఒంటి వేడి నూటరెండున్నర. అంత శుభ్రమైన జీవం నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఎవరింట్లో విందని అడిగాను. తినడానికి కాదన్నాడు.

"మొన్న ఘాట్ రోడ్డులో ఒగ ముసిలాయన్ని గుద్దేసినాను సార్. ఆపకుండా వచ్చేసినాను."

అతని గొంతులో వణుకు లేదు. అదే నన్ను భయపెట్టింది. బైబిలు పాత నిబంధనలో లేవీయకాండం చదివాడట. అందులో తప్పు చేసినవాడు నిర్దోషమైన జీవాన్ని తెచ్చి దాని తల మీద చెయ్యి ఉంచుతాడు. మనిషి దోషాన్ని అది మోస్తుంది, మనిషికి బదులు అది చస్తుంది.

నేను వారించేలోపే పొట్టేలు తల మీద రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అది పెనుగులాడలేదు, రెప్ప కూడా కొట్టలేదు. మరునాటి కోతకు తెచ్చి దొడ్లో కట్టిన గొర్రెలన్నీ ఒక్కసారిగా అవతలి గోడకు ఒదిగిపోయాయి. ఒక్కటీ అరవలేదు. అతను చేతులు తీసేసరికి పొట్టేలు డొక్కలు ఎగిసిపడుతున్నాయి. మళ్ళీ థర్మామీటరు పెట్టాను. నూటఆరు దాటింది. విదిలించి ఇంకోసారి పెట్టాను. అంతే ఉంది.

బెదిరినా, ఎండలో నిలబడినా వేడి పెరుగుతుందని మా చదువు చెబుతుంది. ఆ రోజు మబ్బు పట్టి చల్లగాలి వీస్తోంది. ఐదు నిమిషాల్లో అంత పెరగడం నా సర్వీసులో ఇంకెప్పుడూ చూడలేదు.

"ఇంక కొయ్యొచ్చా సార్?"

జ్వరం ఉన్న జీవాన్ని కొయ్యకూడదన్నాను. అది నిబంధన. మా నాయన చర్చిలో బోధ చేసే ఉపదేశి కాబట్టి మిగతాదీ నాకు తెలుసు. ఆ బలులన్నీ రాబోయే ఒక్క బలికి గుర్తులని, క్రీస్తు ఒకేసారి ప్రాణం పెట్టి వాటిని ముగించాడని, ఇంకో పొట్టేలు అక్కర్లేదని చెప్పాను. ఆ లేవీయకాండంలోనే పరుల వస్తువు దగ్గర పెట్టుకున్నవాడు దాన్ని తిరిగి ఇచ్చితీరాలని చెప్పి, "ఆయనది నీకాడ ఏమన్నా ఉండాదా?" అని అడిగాను.

"సంచి బంపరుకు తగులుకోనింది" అన్నాడు. "పారెయ్యలేక ఇంట్లో పెట్టినా."

సంచిలో ఒక మందుల చీటీ ఉందట, దాని మీద ముసలాయన పేరూ ఊరూ. ఘాట్ రోడ్డులో గుర్తుతెలియని శవం దొరికిందని పేపర్లో పడిన వార్త కూడా చూశాడట. అలాంటి శవాన్ని మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచి, ఎవరూ రాకపోతే పూడ్పిస్తారు. అది మూడో రోజు.

"నాకు బదులు మీరు పోయి ఇచ్చి రాకూడదా సార్?"

కూడదన్నాను. అతను ఇంటికి పోయి సంచి తెచ్చాడు. పోలీసు స్టేషను గేటు దాకా తోడు వెళ్ళాను. లోపలికి ఒక్కడే వెళ్ళాడు.

పొట్టేలు మర్నాటికి లేచి మేసింది. దానికి జ్వరం ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. యేసురత్నానికి శిక్ష పడింది. అతను స్టేషనుకు వెళ్ళిన సాయంత్రమే, చీటీ మీది ఊరికి పోలీసులు కబురు పెడితే ముసలాయన కూతురు వచ్చి శవాన్ని గుర్తుపట్టి తీసుకుపోయింది.

క్రీస్తు బలి యేసురత్నానికి క్షమాపణ ఇచ్చిందని నేను నమ్ముతాను. కాని ఆ తండ్రి ఎక్కడున్నాడో కూతురికి తెలియజెయ్యవలసినవాడు యేసురత్నమే.